పెంగ్విన్ ఒకవైపు, సింహం మరోవైపు

సాఫ్ట్‌వేర్‌కు జంతువు బొమ్మ ఎందుకు? చేతికి చిక్కని, కంటికి ఆనని సరుకుకు ఒక ముఖం కావాలి కనుక. కంప్యూటర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌కు గుర్తైన పెంగ్విన్ టక్స్‌నే చూడండి. 1996లో లారీ ఎవింగ్ గీసిన ఈ బొమ్మ గర్జించే మృగం కాదు, కడుపు నిండి చతికిలబడిన పక్షి. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కోరుకున్నదీ అదే. పైగా దాన్ని ఎవరైనా తమకు నచ్చినట్టు మార్చి గీసుకోవచ్చు. భారీ డేటాను దాచి, విశ్లేషించే హడూప్ కథ ఇంకా సరదా: దాని సృష్టికర్తల్లో ఒకరైన డగ్ కటింగ్ కుమారుడి బొమ్మ ఏనుగు పేరే సాఫ్ట్‌వేర్ పేరైంది.

క్రీడల్లో ముఖాలకు కొదవ లేదు, ఆటగాళ్లే ఉన్నారు. అక్కడ బొమ్మ పని సందడి చేయడం, అమ్ముడుపోవడం. 1966 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు విల్లీ అనే సింహం వచ్చింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు వాల్డీ అనే పొడుగాటి ఒళ్లున్న కుక్క. మారథాన్ దారిని కూడా దాని ఆకారంలోనే వేశారు, అంత ముద్దు!

క్లబ్బుల బొమ్మలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఒలింపిక్స్ బొమ్మకు మాత్రం పోటీలు ముగియగానే పదవీ విరమణే. 1980లో మాస్కో ఎలుగుబంటి మిషా ముగింపు వేడుకలో బెలూన్లతో ఎగిరిపోయింది. నా ఓటు మాత్రం, ఇన్నేళ్లయినా కదలకుండా కూర్చున్న టక్స్‌కే.