ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్: ఒకపక్క కుట్టు మిషన్, ఇంకోపక్క పండగ వంట

పండగ అంటే అందరికీ సెలవు, బట్టలు కుట్టేవాళ్లకి మాత్రం ఊపిరాడని రోజులు. ప్రతివాళ్లకీ పండగ ముందురోజుకల్లా బట్టలు చేతికి రావాలి, అదే సమయానికి మన ఇంటికీ చుట్టాలు వస్తారు, వంటలో ఒక్కటి తగ్గినా ఊరుకోరు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని పని చేసే నేను ఈ కుక్కర్ కొన్నది ఆ తిప్పలు పడలేకే. కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను, పండగలప్పుడైతే పొద్దుట్నించి రాత్రిదాకా అది పని చేస్తూనే ఉంటుంది. నాది 6 లీటర్లది, 1000 వాట్లది. కంపెనీ పేరు చెప్పను, ఈ రకం కుక్కర్లన్నీ ఇంచుమించు ఒకేలా పనిచేస్తాయి.

దీంతో వంట తొందరగా అయిపోతుందని ఎవరైనా అంటే పూర్తిగా నమ్మకండి. స్టవ్ మీద పెట్టే మామూలు కుక్కర్ 15 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలిచే లెక్క) దాకా వెళ్తుంది, లోపల వేడి 121 డిగ్రీల దాకా ఉంటుంది. ఎలక్ట్రిక్‌వి చాలావరకు 10 నుంచి 12 పీఎస్‌ఐ దగ్గరే ఆగుతాయి, అంటే 115 నుంచి 118 డిగ్రీలు. అందుకే ఏదైనా కాస్త ఎక్కువసేపే ఉడుకుతుంది. పైగా తెర మీద 10 నిమిషాలు అని పెట్టామంటే, ఆ లెక్క మొదలయ్యేది ప్రెషర్ వచ్చాకే. గిన్నె నిండుగా ఉంటే ప్రెషర్ రావడానికే పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది, అయిపోయాక ఆవిరి దానంతట అది దిగడానికి ఇంకో అంత. పది నిమిషాల వంట కాస్తా ముప్పావుగంట అవుతుంది, ఈ మాట డబ్బా మీద ఎవరూ రాయరు.

మరి ఎందుకు వాడుతున్నానంటే, దాని దగ్గర నిలబడక్కర్లేదు కాబట్టి. మిషన్ నడుస్తుంటే ఆ చప్పుడులో వంటింట్లోంచి విజిల్ వినపడదు, వినపడినా ఎన్నోదో గుర్తుండదు. కొలతలు తీసుకునేటప్పుడు మధ్యలో టేపు మెడలో వేసుకుని స్టవ్ దగ్గరికి పరిగెత్తడం, ఫోన్‌లో ఎవరికో డెలివరీ తేదీ చెప్తూ గరిటె తిప్పడం, ఇవన్నీ పోయాయి. టైమ్ అయితే అదే ఆగిపోయి వేడిగా ఉంచే మోడ్‌లోకి వెళ్తుంది, మనం గంట ఆలస్యంగా వెళ్లినా ఏమీ మాడదు. అన్నం మాత్రం ఎక్కువసేపు ఉంచితే అడుగున ఎండి గట్టిపడుతుంది.

ఇంకో లాభం నాలాంటివాళ్లకే అర్థమవుతుంది. ఊళ్లోవాళ్ల బట్టలు ఇంట్లో వేలాడుతుంటాయి, వాటికి పోపు వాసన పట్టకూడదు. ఇది మూత బిగించాక దాదాపు ఏ వాసనా బయటికి రాదు, వచ్చేదంతా ఆవిరి వదిలేటప్పుడే. ఆవిరి చేత్తో వదిలితే మాత్రం ఒక్కసారిగా జల్లులా పైకి లేస్తుంది, పైన చెక్క అల్మారా ఉంటే పాడవుతుంది, దగ్గర్లో బట్టలుంటే చెప్పక్కర్లేదు. కిటికీ పక్కన పెట్టుకోవడం మంచిది.

ఇస్త్రీ పెట్టె సంగతి కూడా చెప్పాలి. అదీ దగ్గరదగ్గర 1000 వాట్లే లాగుతుంది. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే వైరు వేడెక్కుతుంది. కుక్కర్‌కి గోడ ప్లగ్గే వాడండి.

ఇక పండగ రోజు దీన్ని దేనికి నమ్ముకోవచ్చంటే, పప్పులు, గింజలు, దుంపలు, సూప్, మాంసం కూరలకి. గట్టి గింజలు రాత్రి నానబెట్టి పొద్దున్నే వేసేస్తే మనం కటింగ్ చేసుకునేలోపు మెత్తబడతాయి. టమాటా, నిమ్మరసం లాంటి పులుపు ముందే వెయ్యకండి, పులుపులో గింజ ఉడకదు, చివర్లో కలిపితే చాలు. రాజ్మాకి ఈ కుక్కర్ చాలా మంచిది. వాటిలో ఉండే ఒకరకం విషపదార్థం పోవాలంటే కనీసం 10 నిమిషాలు గట్టిగా మరగాలి, నెమ్మదిగా వండే స్లో కుక్ మోడ్‌లో అంత వేడి రాదు. కొన్ని కుక్కర్లలో ఆ మోడ్ కూడా ఉంటుంది, రాజ్మాని దాంట్లో పచ్చివి పచ్చిగా పెట్టకండి.

రాత్రే అన్నీ వేసి పొద్దున మొదలయ్యేలా పెట్టుకునే టైమర్ ఉంటుంది చూశారా, అందరూ దాన్ని చూసే కొంటారు. నీళ్లలో గింజలకైతే బాగుంటుంది. పాలు, మాంసం, చేపలు మాత్రం అలా గంటలకొద్దీ బయట వదలకూడదు, 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు తెగ పెరుగుతాయి. వండాక మిగిలినది కూడా అంతే, రెండు గంటల్లోపు వెడల్పాటి చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద గిన్నె అలాగే పెడితే మధ్యలో వేడి చాలాసేపు దిగదు. పండగ సాయంత్రం అలిసిపోయి ఉంటాం, అప్పుడే ఇది మర్చిపోతాం.

నచ్చనివి కూడా ఉన్నాయి. 6 లీటర్లు అని రాస్తారు గానీ మూడింట రెండొంతులకి మించి నింపకూడదు, అంటే 4 లీటర్లే. పప్పులు, గింజలు నురగొస్తాయి, సగానికి మించకూడదు, అంటే 3 లీటర్లు. పది మంది పైన వస్తే ఒక్కో వంటకం రెండు విడతలుగా వండాలి, లేదా పక్కన స్టవ్ వెలిగించాలి. వేయించడానికైతే నాకు అస్సలు నచ్చలేదు. గిన్నె అడుగు మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, నూనె అంతా అంచులకి జారిపోయి మధ్యలో ఉల్లిపాయలు మాడతాయి. డీప్ ఫ్రై దీంట్లో చెయ్యనే కూడదు, కరకరలాడే వంటలన్నీ బాణలిలోనే. చిక్కటి గ్రేవీ అడుగంటితే తెర మీద హెచ్చరిక వచ్చి ఆగిపోతుంది, సరిగ్గా గుమ్మంలో కస్టమర్ నిలబడ్డప్పుడే వస్తుంది అది. మసాలా వేయించాక నీళ్లు పోసి అడుగంతా గోకి, టమాటా గుజ్జు పైన పోసి కలపకుండా వదిలేస్తే ఆ బెడద తగ్గింది.

మూతలోని సిలికాన్ రింగు మసాలా వాసన పీల్చేస్తుంది, ఎంత కడిగినా పోదు. పాయసం లాంటి తీపికి వేరే రింగు పెట్టుకోండి, ఏడాది, ఏడాదిన్నరకి సాగిపోతుంది కాబట్టి ఎలాగూ కొనాల్సిందే. ఆవిరి వాల్వ్ కింద చిన్న జాలీ మూత ఉంటుంది, దాన్ని విప్పి కడగాలి, లేకపోతే పప్పు నురగ ఎండి అడ్డుపడుతుంది.

పేలుతుందేమోనని మా ఇంట్లో పెద్దవాళ్లు మొదట్లో దూరంగా ఉండేవారు. లోపల ప్రెషర్ ఉన్నంతసేపూ మూత తిరగదు, బలవంతంగా తిప్పకూడదంతే, అది చూశాక ఇప్పుడు వాళ్లే వేసేస్తున్నారు.

కొనేవాళ్లకి నా సలహా, పెద్దది కావాలని 8 లీటర్లకి పోకండి, ప్రెషర్ రావడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది, రోజువారీ వంటకి బరువు. 6 లీటర్లదే తీసుకుని రెండో లోపలి గిన్నె విడిగా కొనండి. ఒకదాంట్లో అన్నం అవ్వగానే అది తీసి, కడిగే పని లేకుండా రెండోది పెట్టి పప్పు వేసేయొచ్చు. పండగ రోజు నాకు దీనికంటే ఎక్కువ పనికొచ్చింది ఇంకొకటి లేదు.