ఇద్దరు మందులవాళ్లు, రెండు అంతఃపురాలు: రెండేళ్లకు పైగా చూస్తున్నదాని మీద నా సమీక్ష

మొదటి ఎపిసోడ్ చూసిన మర్నాడు పొద్దున్నే మా అక్క కూతురి కాటుక డబ్బా తీసి, వెనక చిన్న అక్షరాల్లో ఏం రాశారో చదవడం మొదలుపెట్టాను. "ఏమే, లేచీ లేవగానే ఆ డబ్బా పట్టుకు కూర్చున్నావేంటి?" అంది అక్క. సీసం ఉందేమో చూస్తున్నానన్నాను. ఉందనీ రాయలేదు, లేదనీ రాయలేదు. విషయం చెప్పాక అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి పాపకు కాటుక పెట్టడం మానేసింది.

నా చేత ఆ పని చేయించింది ఒక యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్. పేరు అపోతికరీ డైరీస్. 2023 అక్టోబరులో మొదలైంది, 2025 జులైలో రెండో సీజన్ ముగిసింది. మొత్తం 48 ఎపిసోడ్లు. మొదటి సీజన్ నాలుగుసార్లు, రెండోది రెండుసార్లు చూశాను. కొత్తలో ఉండే ఆవేశం తగ్గాక కూడా ఇది నాకు ఎందుకు నచ్చుతోందో, ఎక్కడ నచ్చడం లేదో ఇప్పుడు చెప్పగలననుకుంటున్నాను. దీన్ని చూసీ చూసీ ఇప్పుడు ఒక భయానక చిత్రం కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కథ లీ అనే కల్పిత రాజ్యంలో జరుగుతుంది. ఆ రాజ్యం చైనాయేనని మొదటి దృశ్యంలోనే తెలిసిపోతుంది. మావోమావో ఊళ్లో మందుల కొట్టు నడుపుకునే పిల్ల. ఎవరో ఎత్తుకొచ్చి అంతఃపురానికి అమ్మేస్తే బట్టలుతికే పనిలో ఉంటుంది. చక్రవర్తి పిల్లలు ఒక్కొక్కరే జబ్బుపడుతుంటే రాణివాసమంతా శాపం అంటుంది. ఈ పిల్ల తల్లుల ముఖాలు చూస్తుంది. వాళ్లు పూసుకునే తెల్ల పౌడరులో సీసం ఉందని కనిపెట్టి, గుడ్డ ముక్క మీద నాలుగు మాటలు రాసి ఇద్దరు రాణుల కిటికీల దగ్గర పెడుతుంది. ఒక తల్లి నమ్ముతుంది, ఆమె కూతురు బతుకుతుంది. ఇంకో తల్లి నమ్మదు, కొడుకు పోతాడు.

నాకు బాగా గుర్తుండిపోయింది తర్వాత వచ్చే ఘట్టం. కొడుకు పోయిన రాణి లీహువా మంచం పట్టి చిక్కి శల్యమవుతుంది. మావోమావోను ఆమెకు వైద్యం చేయమని పంపుతారు. వాడొద్దని చెప్పినా దాసి ఒకతె ఆ పౌడరు ఇంకా పూస్తూనే ఉంటుంది. ఎందుకంటే రాణి అందంగా కనబడాలి కదా, అంటుంది. అంతవరకూ దేనికీ గొంతు పెంచని మావోమావో అప్పుడు ఆ పౌడరంతా దాసి మీద కుమ్మరిస్తుంది. ఆ దాసికి రాణి మీద ద్వేషం లేదు, ప్రేమే ఉంది. ప్రేమతోనే రోజూ విషం పూసింది. నాలుగోసారి చూసినప్పుడు కూడా అక్కడ ఆపి నీళ్లు తాగి రావాల్సి వచ్చింది.

ఇది రచయిత్రి నాట్సు హ్యూగా కల్పన మాత్రమే కాదు. సీసపు తెల్ల పౌడరు చైనాలో శతాబ్దాల పాటు వాడారు, జపాన్‌కూ అక్కడి నుంచే వచ్చింది. 1887లో మెయ్‌జీ చక్రవర్తి ఎదుట ఆడుతున్న ఒక ప్రసిద్ధ కబుకి (జపాన్ సంప్రదాయ నాటకం) నటుడికి వేదిక మీదే కాళ్లు వణికాయి. ఏళ్ల తరబడి పూసుకున్న పౌడరులోని సీసం ఒంట్లోకి ఎక్కిందని తర్వాత తేలింది. మన సిందూరంలో కూడా సీసపు ఎర్ర భస్మం వాడిన సందర్భాలున్నాయి. అందుకే ఆ ఎపిసోడ్ నాకు పరాయి దేశపు కథలా అనిపించలేదు.

చైనా చరిత్ర ఇందులో బట్టల దగ్గర ఆగిపోలేదు, అది నాకు చాలా నచ్చింది. చక్రవర్తికి నలుగురు పెద్ద రాణులుంటారు. వాళ్ల హోదాలు టాంగ్ వంశం కాలంలో నిజంగా ఉన్నవే: గుయ్‌ఫెయ్, షూఫెయ్, దఫెయ్, షియెన్‌ఫెయ్. చరిత్రలో యాంగ్ గుయ్‌ఫెయ్ అని మనం వినే అందగత్తె పేరులో గుయ్‌ఫెయ్ అంటే హోదాయే, అమూల్యమైన రాణి అని. ఆమె సొంత పేరు యుహువాన్. 756లో తిరుగుబాటు భయానికి రాజధాని వదిలి పారిపోతున్న దారిలో, సైనికులు పట్టుబట్టడంతో చక్రవర్తి ఆమెను చంపించాల్సి వచ్చింది. యాభై ఏళ్ల తర్వాత, 806లో, బయ్ జూయీ ఆమె మీద రాసిన దీర్ఘ కవితలో అంతఃపురంలో మూడువేల మంది అందగత్తెలున్నా ఆ మూడువేల మందికి దక్కాల్సిన ప్రేమ ఒక్కరికే దక్కిందని వస్తుంది. జపాన్ దర్బారు ఆ కవితను శతాబ్దాల పాటు నోటికి నేర్చుకుంది. జపాన్ ప్రాచీన నవల గెంజి గాథ మొదటి అధ్యాయమే దాని నీడలో నడుస్తుంది. అపోతికరీ డైరీస్ మిగిలిన 2,999 మంది వైపు తిరిగి చూస్తుంది. చక్రవర్తి ఎప్పటికీ పలకరించని వాళ్లు, వాళ్ల దాసీలు, వాళ్ల బట్టలుతికేవాళ్లు.

మావోమావో ఎడమ చేతికి ఎప్పుడూ కట్టు ఉంటుంది. మందులూ విషాలూ తన ఒంటి మీదే ప్రయోగం చేసుకుంటుంది. ఇది చూడగానే చైనా పురాణాల్లోని షెన్‌నోంగ్ గుర్తొస్తాడు. మూలికలన్నీ తానే నమిలి చూసి, ఒకే రోజు డెబ్బై విషాల బారిన పడ్డాడని ఆయన గురించి చెబుతారు. ఒసాకాలో మందుల వర్తకుల వీధి దోషోమచిలో ఆయన్ని షిన్నో అని కొలుస్తారు, ఏటా నవంబరు 22, 23 తేదీల్లో పండగ కూడా చేస్తారు. జపాన్ సంప్రదాయ వైద్యానికి కంపో అని పేరు, అంటే హాన్ వాళ్ల (చైనా వాళ్ల) పద్ధతి. కాబట్టి ఒక జపాన్ రచయిత్రి మందులు తెలిసిన పిల్లను చైనా అంతఃపురంలో పెట్టడం నాకు చాలా సహజంగా తోచింది. మందులూ గ్రంథాలూ వచ్చింది అటునుంచే కదా.

ఇక లోపాలు. కాలాలు కలగాపులగం. కట్టూబొట్టూ టాంగ్ కాలానివి, అంటే 618కీ 907కీ మధ్యవి. కానీ మావోమావో కోకో గింజలతో మిఠాయి లాంటి మందు చేస్తుంది. కోకో అమెరికా ఖండం పంట, కొలంబస్ అక్కడికి వెళ్లిందే 1492లో. కల్పిత రాజ్యం కదా అనుకుని సర్దుకున్నాను గానీ, చరిత్ర కోసం చూసేవాళ్లు తెలుసుకుని చూడాలి. పేర్ల దగ్గర కూడా తికమక ఉంది. మావోమావో, లీహువా చైనా ఉచ్చారణలు. కూతురు బతికిన రాణి గ్యోకుయో, అంతఃపురం అధికారి జిన్షి, ఈ పేర్లు జపాన్ ఉచ్చారణలు. ఒకే గదిలో కూర్చున్న ఇద్దరు రాణుల పేర్లు రెండు భాషల్లో పలుకుతాయి. మొదటిసారి చూసినప్పుడు పరదేశం నుంచి వచ్చిన రాణి ఎవరో అని వెతుక్కున్నాను. రెండో సీజన్ మధ్యలో జిన్షి, మావోమావోల దోబూచులాట తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. రెండోసారి చూసినప్పుడు ముందుకు జరిపేశాను.

చైనా చరిత్రంటే యుద్ధాలే కావాలనుకునే వాళ్లకు కింగ్‌డమ్ అనే యానిమే ఉంది. క్రీస్తుపూర్వం 221లో చైనాను ఏకం చేసిన చిన్ చక్రవర్తి యవ్వనం కథ. 2012లో వచ్చిన మొదటి సీజన్‌లో కంప్యూటర్ బొమ్మలు కళ్లకు ఇబ్బందిగా ఉంటాయి, ఓర్చుకుని ముందుకు వెళ్తే మంచి రోజులొస్తాయి. నాకు మాత్రం మైదానంలో వెయ్యి తలలు తెగడం కంటే మూసిన తలుపు వెనక ఒక గిన్నె పాయసంలో ఏముందోనన్న అనుమానమే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

అపోతికరీ డైరీస్‌ను భయానక కథల వరసలో ఎవరూ చేర్చరు. నేను చేరుస్తాను. మొదట్లోనే కోట గోడ మీద రాత్రిళ్లు నాట్యం చేసే దెయ్యం వస్తుంది. దెయ్యం కాదు, నిద్రలో నడుస్తున్న ఒక చిన్న రాణి. అలా ఎందుకు నడుస్తోందో తెలిశాక గుండె బరువెక్కుతుంది. రెండో సీజన్‌లో దాసీలంతా ఒక గదిలో చేరి వరసగా దెయ్యం కథలు చెప్పుకునే రాత్రి ఉంటుంది. తలుపులన్నీ మూసేసిన గది, కునికిపాట్లు పడుతున్న ఆడపిల్లలు. అందరూ కథల మత్తులో ఉంటే మావోమావో లేచి కిటికీ తెరుస్తుంది. ప్రతి దెయ్యం వెనకా ఒక కారణం, ప్రతి కారణం వెనకా ఒక మనిషి ఉంటుందని ఈ పిల్ల నమ్మకం. అయితే ఆ రాత్రి ముగింపులో ఆ నమ్మకానికి కూడా అందనిది ఒకటి మిగులుతుంది. అదేంటో చెప్పను, దీపం ఆర్పి చూడండి.

ఈ మందులమ్మాయిని చూస్తున్నన్నాళ్లూ నాకు ఇంకో మందులవాడు గుర్తొస్తూనే ఉన్నాడు. 2007లో వచ్చిన మోనోనోకే అనే 12 ఎపిసోడ్ల యానిమేలో పేరు లేని సంచార మందుల వర్తకుడు. వీపున మందుల పెట్టె, ముఖాన రంగులు, చేతిలో ఒరలోంచి రాని కత్తి. భూతం రూపం, జరిగిన నిజం, దాని వెనకున్న కారణం, ఈ మూడూ తెలిస్తే తప్ప ఆ కత్తి బయటికి రాదు. అంటే దెయ్యాన్ని చంపే ముందు దాని గోడు వినాలి. మావోమావో దెయ్యం లేదని చెప్పడానికి కారణం వెతుకుతుంది, ఇతను దెయ్యాన్ని సాగనంపడానికి అదే కారణం వెతుకుతాడు. ఒకే పనిని రెండు కొసల నుంచి చేస్తున్న వాళ్లలా ఉంటారు నాకు.

2024లో ఈ మందులవాడు సినిమాగా తిరిగొచ్చాడు, దర్శకుడు కెంజి నకమురా. అప్పుడు ఇతనూ అంతఃపురంలోకే వచ్చాడు. ఎడో కోటలో, జపాన్‌ను ఏలిన సైనిక పాలకుడు షోగున్ ఆడవాళ్లుండే ఓఓకు అది. జపాన్ చైనా నుంచి లిపి తీసుకుంది, చట్టం తీసుకుంది, రాజధాని నగరం నమూనా తీసుకుంది. ఖోజాలను మాత్రం తీసుకోలేదు. ఓఓకు లోపలి వ్యవహారమంతా ఆడవాళ్లే నడిపారు. అందుకే మొదటి భాగం కరకసలో అధికారం చేసేదీ, నలిగిపోయేదీ ఇద్దరూ ఆడవాళ్లే. కొత్తగా చేరిన ఆసా, కమె అనే ఇద్దరు పిల్లల్ని ఒక బావి దగ్గరికి తీసుకెళ్తారు. నీకు అన్నిటికంటే ప్రియమైన వస్తువు ఇందులో పారెయ్, తర్వాత ఈ నీళ్లు తాగు, అంటారు. ఆ నీళ్లు కంపు కొడుతుంటాయి. తెర మొత్తం జపాన్ చేతి కాగితం గరుకుతో, పండగ రంగులతో కళకళలాడుతుంటే మధ్యలో ఆ దోసెడు నీళ్లు. భూతం రాకముందే నాకు ఒళ్లు జలదరించింది.

రెండో భాగం హినెజుమి 2025 మార్చిలో వచ్చింది. పేరుకు అర్థం అగ్గి ఎలుక. ఆ ఎలుక చైనాది. దాని బొచ్చుతో నేసిన బట్ట మంటలో వేస్తే కాలదని, మురికి పోయి తెల్లగా బయటికొస్తుందని పాత చైనా గ్రంథాలు చెప్పాయి. ఆ బట్ట నిజానికి రాతినార అయ్యుంటుందంటారు. వెదురులో దొరికిన రాకుమారి అనే పాత జపాన్ కథలో ఒక మంత్రి చైనా వర్తకుడి దగ్గర ఆ వస్త్రాన్ని బోలెడు సొమ్ము పోసి కొంటాడు, మంటలో వేస్తే భగ్గున కాలిపోతుంది. సినిమా ఆ పాత ఎలుకను తెచ్చి, గర్భం ఎవరిది నిలవాలి, ఎవరిది నిలవకూడదు అని పుట్టింటి మగవాళ్లు లెక్కలేసే అంతఃపురంలో వదిలింది. మొదటి భాగం కంటే కథ సూటిగా ఉంది, నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

మూడోది, చివరిది, హెబిగామి. సర్పదేవత. 2026 వసంతానికని ప్రకటించారు. కథ గురించి ఏమీ చదవకుండా జాగ్రత్తపడుతున్నాను, కానీ పేరు వినగానే ఆశ పెరిగిపోయింది. ఎందుకంటే జపాన్ భయానక కథల్లో పాము ఎంత లోతుకు వెళ్లిందో తెలుసు. హాంగ్‌జౌలో వెస్ట్ లేక్ పక్కన ఒక కుర్రాడిని ప్రేమించిన తెల్లపాము, ఆమెను గోపురం కింద పాతిపెట్టిన సన్యాసి, ఇది చైనా కథ. ఆ లెయ్‌ఫెంగ్ గోపురం 1924లో నిజంగానే కూలింది, 2002లో మళ్లీ కట్టారు. 1776లో ఉవెదా అకినారి ఆ కథను జపాన్‌కు తెచ్చి భయానకంగా తిప్పి రాశాడు. 1958లో తోయెయ్ సంస్థ తీసిన జపాన్ మొట్టమొదటి పూర్తి నిడివి రంగుల యానిమేషన్ సినిమా కూడా ఈ తెల్లపాము కథే. కుర్రవాడిగా దాన్ని చూసి, తర్వాత పేరుమోసిన యానిమే దర్శకుడైన హయావో మియజాకి ఈ వృత్తి వైపు మళ్లానని చెప్పుకున్నాడు. లాంతరు పట్టుకుని రాత్రిళ్లు ప్రియుడి ఇంటికొచ్చే చనిపోయిన ఆడమనిషి కథ కూడా ఇలాగే, 14వ శతాబ్దపు చైనా కథల పుస్తకం నుంచి 1666లో జపాన్ చేరింది. వీళ్లంతా తీరని కోరికతో, అన్యాయంతో పోయిన ఆడవాళ్లే. వాళ్ల మాట మందులవాడు ఎంత ఓపికగా వింటాడో చూడాలని ఉంది.

ఎవరు చూడాలంటారా? చైనా రాణివాసం ఎలా ఉండేదో, ఒక చిన్న పౌడరు డబ్బాలో ఎంత చరిత్ర ఉందో తెలుసుకోవాలనుకునేవాళ్లు అపోతికరీ డైరీస్‌తో మొదలుపెట్టండి. అది అయ్యాక మోనోనోకే పాత 12 ఎపిసోడ్లు, తర్వాత సినిమాలు. వరస మారిస్తే కుదరదని కాదు గానీ, దెయ్యం లేదని చెప్పే పిల్లను ముందు కలిస్తే, ఉందని చెప్పేవాడి మాట ఇంకాస్త శ్రద్ధగా వింటారు. చిన్నపిల్లల్ని మాత్రం సినిమాల దగ్గర కూర్చోబెట్టకండి.

2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ అనే యానిమే సినిమా తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చింది. ఆ దారి పడింది కాబట్టి హెబిగామి కూడా పెద్ద తెర మీద దొరకాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఆ కాగితం గరుకు ఫోన్‌లో చూడాల్సింది కాదు. వస్తే మొదటి ఆటకు వెళ్తాను, అక్క కూడా వస్తానంది. నాగుల చవితికి అందరూ పుట్టలో పాలు పోస్తుంటే నాలుగడుగులు వెనక నిలబడి దణ్ణం పెట్టుకునే మనిషి. "ఆ పాముకి ఏం అన్యాయం జరిగిందో చూడాలి కదే" అంటోంది.