30 గ్రాముల ఓసెట్రా కేవియర్: తెరిచాను, తిన్నాను, చెప్తున్నాను

కేవియర్ అంటే స్టర్జన్ అనే చేప గుడ్లకి ఉప్పు పట్టించి చేసేది, ఓసెట్రా అంటే అందులో రష్యన్ స్టర్జన్ గుడ్ల రకం. డబ్బా అరచేతిలో ఇమిడిపోతుంది. ఇద్దరు కూర్చుని చెంచా చెంచాగా తింటే పావుగంటలో ఖాళీ. ఇంత చిన్నదానికి అంత ఖర్చా అని రెండు నెలలు ఊగిసలాడాను, చివరికి కొన్నాను. మంచి డబ్బా దొరికితే ఆ డబ్బుకి న్యాయం జరుగుతుందనే నా అభిప్రాయం. ఆ మంచి డబ్బాని గుర్తుపట్టడం దగ్గరే తిప్పలన్నీ ఉన్నాయి కాబట్టి రివ్యూ కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

ముందు చేదు అనుభవం చెప్పేస్తాను. ఇది నేను కొన్న రెండో డబ్బా. మొదటిది వేరే ఆన్‌లైన్ షాపులో తీసుకున్నాను, మూత మీద బంగారు రంగు, కిరీటం బొమ్మ, చూడ్డానికి ఎంతో దర్జాగా ఉంది. పార్సిల్ విప్పేసరికి ఐస్ ప్యాకులు కరిగి నీళ్లయిపోయి, డబ్బా చేతికి గోరువెచ్చగా తగిలింది. ఆశ చావక మూత తీశాను. గుడ్లు చితికి ముద్దయిపోయాయి, అడుగున జిడ్డుగా నీరు చేరింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పుమని చేపల కంపు. షాపువాళ్లకి ఫోటోలు పంపితే ఒకసారి తెరిచిన డబ్బా వాపసు తీసుకోం అన్నారు. తెరవకుండా లోపల పాడైందని ఎవరికి తెలుస్తుంది? నాకు ఇప్పటికీ కోపమే. ఆ తర్వాత నుంచి ఎవరైనా కేవియర్ తిన్నాం, బాగాలేదు అంటే నేను ముందు అడిగేది అది ఎంత చల్లగా మీ చేతికొచ్చింది అనే. సున్నా డిగ్రీలకి రెండు అటూ ఇటూ, అదే దాని చోటు. ఉప్పు ఉంటుంది కాబట్టి సున్నాకి కాస్త దిగినా గడ్డకట్టదు. అలాగని ఫ్రీజర్లో మాత్రం పెట్టకండి, గుడ్డు చుట్టూ ఉండే పొర పగిలిపోతుంది, అది పోతే ఇక తినడానికి మిగిలేది ఉప్పటి పేస్టే.

రెండోసారి కొనేముందు లేబుల్ చదవడం నేర్చుకున్నాను. అసలు కేవియర్ అంటే స్టర్జన్ చేప గుడ్లు, ఉప్పు, అంతే. లంప్‌ఫిష్ అనే చేప గుడ్లకి నల్ల రంగు వేసి చిన్న గాజు సీసాల్లో అమ్ముతారు, తెల్ల ప్లేటు మీద ఒక చెంచా పెట్టి చూడండి, చుట్టూ రంగు దిగుతుంది. అది తినకూడదని కాదు, కానీ అది తిని కేవియర్ అంటే ఇదే అనుకోవద్దు. స్టర్జన్ జాతులన్నీ 1998 నుంచి సైటిస్ అనే, ముప్పులో ఉన్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చాయి, అందువల్ల అసలు డబ్బా మీద ఒక కోడ్ వరస ఉంటుంది. ముందు చేప జాతికి మూడక్షరాలు, తర్వాత అది నదిలో పట్టిందా ఫారంలో పెంచిందా అని ఒక అక్షరం, తర్వాత దేశం, గుడ్లు తీసిన లేదా మళ్లీ ప్యాక్ చేసిన సంవత్సరం, ప్లాంటు నంబరు, లాట్ నంబరు. నా డబ్బా మీద జీయూఈ, సీ, ఐటీ అని ఉంది: రష్యన్ స్టర్జన్, పెంపకం చేప, ఇటలీ. డబ్ల్యూ అని ఉంటే నదిలోనో సముద్రంలోనో పట్టిన చేప. ఇంపీరియల్, రాయల్ లాంటి మాటలు చూసి మాత్రం మోసపోకండి, వాటికి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు, ఒక్కో కంపెనీ ఒక్కోలా వాడుతుంది. మొదటి డబ్బా మీద ఆ మాటలన్నీ ఉన్నాయి, కోడ్ ఉందో లేదో నేను చూడనే లేదు.

ఇక రుచి. మూత తీయగానే దాదాపు ఏ వాసనా రాలేదు, చాలా దగ్గరగా పెట్టుకుంటే తడి గాలి లాంటిది మాత్రం తెలిసింది. గుడ్లు నల్లగా లేవు. ఓసెట్రా నల్లగా ఉండాలని లేదు, ముదురు గోధుమ రంగు నుంచి బంగారు ఛాయ వరకు ఏదైనా ఉండొచ్చు, నాది లేత గోధుమ, దీపం కింద పట్టుకుంటే లోపల ఆకుపచ్చ మెరుపు. ఒక్కో గుడ్డు ఆవగింజ కంటే కాస్త పెద్దది, దేనికది విడిగా ఉంది, చెంచా వంచితే మెల్లగా దొర్లాయి. మొదటి చెంచా నమలలేదు, నాలుకతో అంగిలికి అదిమాను. ఒకటి రెండు క్షణాలు గుడ్లు లొంగవు, తర్వాత ఒక్కొక్కటే చిట్లుతాయి, ముందు ఉప్పు కాదు, వెన్నలాంటి కమ్మదనం వస్తుంది, దాని వెనక వాల్‌నట్ నమిలినప్పుడు ఉండే ఆ పప్పు రుచి, ఉప్పు అన్నిటికంటే ఆఖర్న. మింగేశాక కూడా చాలాసేపు నోట్లో ఉండిపోయింది. నేను రెండో చెంచా తీసుకోవడానికి తొందరపడలేదు, అసలు ఏదైనా తినేటప్పుడు నేనలా ఆగడం చాలా అరుదు.

ఆ ఉప్పు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో కేవియర్‌లో పనితనం అంటే అదే. డబ్బా మీద మలోసోల్ అని ఉంటుంది, రష్యన్‌లో తక్కువ ఉప్పు అని అర్థం, మామూలుగా 3 నుంచి 5 శాతం లోపు. చేప నుంచి తీసిన గుడ్ల తిత్తిని జల్లెడ మీద మెల్లగా రుద్ది గుడ్లు విడదీస్తారు, చల్లటి నీళ్లతో కడిగి, నీరు ఓడ్చి, ఉప్పు కలుపుతారు. అన్నీ చేత్తోనే, అన్నీ నిమిషాల్లో. ఉప్పు ఎక్కువైతే గుడ్డులో ఉన్న రుచి మొత్తం దాని కింద పడిపోతుంది, తక్కువైతే నిలవ ఉండదు. నాసిరకం సరుకుని ఎక్కువ ఉప్పుతో కప్పేయడం తేలిక, మంచి గుడ్లకే తక్కువ ఉప్పు వేసే ధైర్యం ఉంటుంది. యూరప్‌లో కొందరు నిలవ కోసం బోరాక్స్ అనే రసాయనం కూడా కలుపుతారు, అక్కడ కేవియర్‌కి దాన్ని అనుమతించారు, లేబుల్ మీద E285 అని రాసి ఉంటుంది. అమెరికాలో దానికి అనుమతి లేదు. నా డబ్బాలో గుడ్లు, ఉప్పు తప్ప ఇంకేం లేవు, అందుకోసమే ఇది ఎంచుకున్నాను.

ఇంత ధర ఎందుకు అంటారా, ఆడ స్టర్జన్ గుడ్లు పెట్టే వయసుకి రావాలంటే జాతిని బట్టి ఏడెనిమిదేళ్లు, ఇంకా పైన పడుతుంది, బెలూగా అనే స్టర్జన్ జాతికైతే పదిహేనేళ్లు దాటొచ్చు. బయటికి చూసి ఆడదో మగదో చెప్పలేరు, కొన్నేళ్లు మేపాక అల్ట్రాసౌండ్‌తో వేరు చేయాలి. అన్నేళ్ల మేత ఆ చిన్న డబ్బాలో ఉంది. కానీ దీనికున్న హోదా మాత్రం రుచి వల్ల వచ్చింది కాదు, కరువు వల్ల వచ్చింది. 19వ శతాబ్దంలో అమెరికాలో డెలావేర్ నది నిండా స్టర్జన్లే, కేవియర్ అక్కడి నుంచి యూరప్‌కి ఎగుమతి అయ్యేది. విచ్చలవిడిగా పట్టేసి కొన్ని దశాబ్దాల్లోనే నదిని ఖాళీ చేశారు. తర్వాత కాస్పియన్ సముద్రంలోనూ అదే జరిగింది. 2022లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం, స్టర్జన్, దానికి దగ్గరి చుట్టమైన పాడిల్‌ఫిష్ కలిపి మిగిలిన 26 జాతులూ అంతరించిపోయే ముప్పులో ఉన్నాయి, చైనా పాడిల్‌ఫిష్ అయితే పూర్తిగా పోయింది. డైనోసార్ల కాలం నుంచి బతికొచ్చిన చేపల వంశం ఇది. అందుకే డబ్ల్యూ కోడ్ ఉన్న డబ్బా ఎవరైనా ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను. పెంపకం చేపది రుచి తక్కువ అనేవాళ్ల మాట నేను నమ్మను. ఈ డబ్బాలో నాకు ఏ లోటూ కనపడలేదు.

ముత్యపు చిప్ప చెంచా తప్పనిసరా? వెండిది వద్దు, లోహపు రుచి అంటుకుంటుంది. చెక్కది, ప్లాస్టిక్‌ది ఏదైనా చాలు. ఉల్లిపాయ, నిమ్మకాయ, ఉడికించిన గుడ్డు తురుము పక్కన పెడతారు, బ్లినీ అనే చిన్న రష్యన్ అట్టు మీద క్రీమ్ రాసి తింటారు, నేను ఒక్క బ్లినీ మీద వేసుకుని చూశాను, బాగుంది కానీ ఆ వాల్‌నట్ రుచి సగం మాయమైంది. మంచి డబ్బా అయితే ఉత్తదే తినండి. చేతి వెనక, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని తినే పద్ధతి ఒకటుంది, అది నాకు బాగా నచ్చింది, ఒంటి వేడికి గుడ్లు కొంచెం మెత్తబడి రుచి తొందరగా తెలుస్తుంది. నిమ్మరసం మాత్రం దాని దగ్గరికి రానివ్వకండి.

డబ్బాకి నేనిచ్చేది 5కి 4. ఒకటి తగ్గించింది, ప్యాక్ చేసిన తేదీ లేకుండా వాడాల్సిన గడువు మాత్రమే వేసినందుకు, గుడ్లు డబ్బాలో ఎన్నాళ్లుగా ఉన్నాయో తెలుసుకోవడం కొనేవాళ్ల హక్కు. మొదటిసారి కొనేవాళ్లు బెలూగా జోలికి వెళ్లకండి, సైబీరియన్ స్టర్జన్‌ది కానీ ఓసెట్రాది కానీ 30 గ్రాములది చాలు. డెలివరీ మీరు ఇంట్లో ఉండే రోజు పెట్టించుకోండి, రాగానే డబ్బా పట్టుకుని చూడండి, చల్లగా లేకపోతే తెరవకముందే ఫోటో తీసి ఫోన్ చేయండి. నేను రెండు చెంచాలు మర్నాటికి దాచాను, ఫ్రిజ్‌లో బాగా చల్లటి అరలో, ఐస్ మీద. పాడవలేదు, కానీ ముందు రోజు ఆఖర్న వచ్చిన ఉప్పు మర్నాడు ముందే వచ్చింది, చిట్లే గుడ్లూ తగ్గాయి. ఈసారి నలుగురిని పిలిచి తెరిచిన పూటే ముగించేస్తాను.