కమాను ఉక్కు వేటకత్తి: అలుగు నిలిచింది, పిడి నిలవలేదు

లారీ కమాను పట్టీ ముక్కతో దామలచెరువు దగ్గరి మా మామిడి తోటలోనే చేసుకున్న ఈ కత్తిని చేతిలోకి తీసుకున్న వారందరూ మొదట అడిగేది ఉక్కు గురించే. ఎంత కాల్చారు, ఏ నూనెలో ముంచారు, పదును ఎన్నాళ్ళు ఉంటుంది అని అడుగుతారే తప్ప పిడి సంగతి అడిగిన వారు ఇంతవరకు లేరు. కొన్నేళ్ళుగా దీనిని వాడుతున్న నాకు మాత్రం ఉన్న కోపమంతా పిడి మీదనే, కనుక ఈ సమీక్షలో ఎక్కువ భాగం దానికే పోతుంది.

వేటకత్తి అని పిలుస్తున్నామే గాని ఇది అడవిలో అడుగు పెట్టలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా శేషాచలం కొండల పరిసరాల్లో వేట మాటే ఎత్తకూడదు. జాతరకు కోసే పొట్టేళ్ళ తోలు ఒలవడం, కీళ్ళు విడదీయడం, తోటలో తీగలూ తాళ్ళూ కోయడం దీని పనులు. అలుగు, అంటే పిడి కాక మిగిలిన కోసే భాగం, ఐదు అంగుళాలకు మించదు. వెన్ను మొన వైపు కొద్దిగా వంగి, అంచు పొట్ట దగ్గర గుండ్రంగా తిరిగి ఉండటం వల్ల తోలుకూ కండకూ మధ్య ఉండే పొరలో మొన గుచ్చుకోకుండా సాగిపోతుంది. వేటకత్తుల ఆకారం అలా ఎందుకు స్థిరపడిందో ఒక్క పొట్టేలును ఒలిచి చూస్తే చాలు, తెలిసిపోతుంది.

ఉక్కు విషయంలో ఫిర్యాదు లేదు. కమాను పట్టీలో కార్బన్ సుమారు 0.6 శాతం ఉంటుంది. అయస్కాంతం అంటుకోని స్థితి దాటే వరకు కొలిమిలో కాల్చి, నీళ్ళలో కాక వేడి చేసిన నూనెలో ముంచి, ఆ తరువాత ఇంట్లోని ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు విడతలుగా ఉంచాము. పనికిరాని ఉక్కుతో మంచి కత్తి రాదనుకునే వారికి ఒక మాట చెప్పాలి. అమెరికాలో హోయ్ట్ బక్ 1902 ప్రాంతంలో తన కత్తులను అరిగిపోయిన ఆకురాళ్ళతోనే మొదలుపెట్టాడు, ఆ కుటుంబం పేరుతో ఉన్న కత్తులు నేటికీ వేటగాళ్ళకు ప్రీతిపాత్రమైనవే. అయితే, దీని పదును పోనే పోదని మొదటి ఏడాది నేను అందరితో అన్న మాటను ఇప్పుడు అంత గట్టిగా అనను. పొట్టేలు బొచ్చులో మన ఎర్రమట్టి దుమ్ము ఎంత ఉంటుందో ఒలిచే వారికే తెలుసు, ఆ ఇసుక రేణువుల ముందు ఏ అంచైనా మొద్దుబారుతుంది. లోపలి నుంచి బయటికి కోస్తూ పోతే అంచు నిలుస్తుంది, బొచ్చు పైనుంచి కోస్తే రెండో పొట్టేలుకే సానరాయి వెతుక్కోవాలి. వెతుక్కున్నా, కాసేపటిలోనే మళ్ళీ పదును ఎక్కడం ఈ ఉక్కులోని సుగుణం.

ఇక పిడి. అలుగుతో పాటు ఒకే వెడల్పులో వెనుక దాకా సాగిన ఉక్కుకు అటూ ఇటూ చింత చేవ చెక్కలు అతికించి, రెండు ఇత్తడి మేకులు దిగగొట్టి, అంచులు నున్నగా రుద్దించాము. కత్తుల మీద మోజున్న వారందరూ మెచ్చే పద్ధతి ఇదే, చూడటానికి నిజంగానే అందంగా ఉండేది. ఆ అందం వానాకాలంలో బాగానే ఉంది, చలికాలంలోనూ బాగానే ఉంది. రోహిణీ కార్తె ఎండలకు చెక్క ఎండింది. కొయ్య పొడవు వైపు దాదాపు కదలదు, అడ్డం వైపే ఉబ్బుతుంది, కుదించుకుంటుంది. ఉక్కు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మధ్యలో ఉన్న జిగురు ఆ లాగుడును ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? వెంట్రుకవాసి సందు ఏర్పడింది. కంటికి కనిపించదు గాని కొవ్వు మాత్రం అందులోకి దారి చేసుకుంది.

అది తెలిసింది గంగమ్మ జాతర రోజుల్లో, పని నడుమ. తుంటి కీలు దగ్గర కత్తిని కొంచెం మెలితిప్పగానే ఎడమ వైపు చెక్క నా వేళ్ళ కింద జరిగింది. చేయి తెగలేదు, అయితే రక్తమూ కొవ్వూ అంటిన చేతిలో పిడి కదలడం ఎంత భయంకరమో చెప్పలేను. ఆ రోజుకు మాంసం దుకాణం నుంచి తెచ్చిన కత్తితో పని ముగించుకున్నాము. మరునాడు మేకులు తొలిచి చెక్కలు ఊడదీస్తే లోపల ముక్కిపోయిన కొవ్వు కంపు కొట్టింది, మేకుల చుట్టూ తుప్పు ఉక్కును గుంటలుగా తినేసి ఉంది. ప్రతి వాడకం తరువాత కడిగి, తుడిచి, నూనె రాసిన అలుగు మీద మచ్చ కూడా లేదు. కంటికి కనబడని చోటే రోగం ముదిరింది. కొబ్బరి నూనె పూస్తే చాలని కొందరు చెబుతారు గాని ఆ నూనె ఎన్నటికీ ఆరదు, సందులో జిడ్డుగానే ఉండిపోతుంది. ఆరి గట్టిపడే అవిసె నూనె కొంత నయం, అదీ సందు పడక ముందు వరకే.

పాకాల వైపు ఉన్న ఒక ముసలి కమ్మరి దగ్గరకు తీసుకెళితే, ఆయన చెక్క ముక్కలను చేత్తో తిప్పి చూసి, "ఇదేంది నాయనా, అట్టకు అట్ట అంటించినట్టు అంటించినారే! ఇనుము పిడిలోపలికి దిగాల గదా," అన్నాడు. పిడి భాగాన్ని సన్నగా అరగదీసి, అలుగుకు తడి గోనెపట్టా గట్టిగా చుట్టి దాని గట్టిదనం పోకుండా కాపాడుకుంటూ, ఆ సన్నని కొసను మాత్రమే ఎర్రగా కాల్చి, తొలిచిన చింత చేవ ముక్కలోకి దిగగొట్టి, లక్క కరిగించి పోసి, ముందు వైపు పొన్ను, అంటే ఇత్తడి కట్టు, తొడిగాడు. మన కొడవళ్ళ పిడులు చాలావరకు ఈ తీరుగానే ఉంటాయి, ఫిన్లాండ్ వారి పూక్కో కత్తుల్లోనూ ఉక్కు పిడి లోపలే దాగి ఉంటుంది. తెరిచి ఉన్న అతుకు లేదు కనుక కొవ్వు దిగడానికి దారి లేదు. అప్పటి నుంచి రెండు వేసవులు గడిచినా పిడి కదల్లేదు.

దీనికీ లోటు ఉంది. పిడిలో ఉక్కు తగ్గడంతో బరువు ముందుకు పోయింది, సన్నటి పని చేసేటప్పుడు మణికట్టు తొందరగా నొస్తుంది. లక్కకు వేడి పడదు, కారులో అద్దం వెనుక ఎండలో వదిలేయడానికి వీల్లేదు. ఎర్రచందనం పిడి వేయిస్తే ఎంత బాగుంటుందో అని సలహా ఇచ్చే మిత్రులూ ఉన్నారు. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరమైన కలపను, అదీ తిరుపతి చుట్టుపక్కల, కత్తికి తగిలించి తిరగమనడం స్నేహధర్మం కాదు.

ఏడాదిలో కొన్ని పొట్టేళ్ళు, మిగతా రోజుల్లో తోట పని, అది కూడా పొడి వాతావరణంలో అయితే ఈ కత్తి నాకు చాలు. రోజంతా మాంసం దుకాణంలో నిలబడే వారికైతే స్వీడన్‌లోని మోరా నుంచి వచ్చే, ఉక్కు చుట్టూ ప్లాస్టిక్ పోతపోసిన పిడి గల కత్తినే చెబుతాను, అందం మాట ఎలా ఉన్నా దానిలో సందు ఉండదు. నా మట్టుకు మరో కత్తికి కొసను మొదటి నుంచే సన్నగా సాగగొట్టమని ఆ కమ్మరికే చెప్పి ఉంచాను, తగిన కమాను ముక్క దొరకడమే మిగిలింది.