మాయకైనా లెక్క ఉండాలి: ఈ ఐదారేళ్ళ ఫాంటసీ, సైఫై నవలల్లో ఏవి కొనాలి, ఏవి ఆగాలి

ఫాంటసీలో ఏమైనా జరగొచ్చు అనుకుంటారు చాలామంది. నిజానికి ఏమైనా జరగొచ్చు అని పాఠకుడికి అనిపించిన పేజీలోనే నవల చచ్చిపోతుంది. మంత్రం ఎలా పనిచేస్తుందో, దానికి ఎంత ఖర్చవుతుందో రచయిత మొదట్లో ఒక రూలు పెడతాడు. నాలుగొందల పేజీలు దాటాక కూడా ఆ రూలుకి కట్టుబడ్డాడా, లేక హీరో ఇరుక్కోగానే దాన్ని అటకెక్కించాడా? ఈ కింది పుస్తకాలన్నిటినీ ఈ ఒక్క కొలతతోనే చూశాం. షాపులో నిలబడి చూసుకోవాలన్నా ఇదే దారి. మొదటి ముప్ఫై పేజీలు తిరగేసి, ఆ లోకం రూలు ఎవరైనా పని చేస్తుంటే తెలుస్తోందా, లేక ఓ ముసలి గురువు కూర్చోబెట్టి పాఠం చెప్తున్నాడా చూడండి. రెండోదైతే పుస్తకం కింద పెట్టేయొచ్చు.

పని చేస్తూ రూలు చెప్పడంలో ఆండీ వియర్ ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’ (2021)ని మించింది ఈ మధ్య రాలేదు. ఒకడు తెలియని గదిలో మంచం మీద మెలకువొచ్చి లేస్తాడు. పేరు గుర్తులేదు, ఎక్కడున్నాడో తెలీదు. చేతిలోంచి జారిన వస్తువు మరీ తొందరగా కింద పడుతోందని అనుమానం వస్తుంది. బల్ల ఎత్తు కొలిచి, వస్తువు పడేసి, స్టాప్‌వాచ్ పట్టి లెక్క కడతాడు. గురుత్వ త్వరణం 15 వస్తుంది. భూమ్మీద 9.8 రావాలి. ఇంకెవరైనా అయితే ఇక్కడే ‘నేను అంతరిక్షంలో ఉన్నాను’ అని అరిచేసేవాళ్ళు. ఇతను తొందరపడడు. గిర్రున తిరిగే పెద్ద సెంట్రిఫ్యూజ్‌లో కూర్చోబెట్టినా ఇదే అంకె రావచ్చు కదా అని, లోలకం కట్టి మళ్ళీ కొలిచి ఆ అనుమానం కూడా తీర్చుకుంటాడు. అతని ఉద్యోగం ఏమిటో అతనికి గుర్తొచ్చేలోపే మనకు తెలిసిపోతుంది: స్కూల్లో సైన్సు చెప్పేవాడు. పదో తరగతి ఫిజిక్స్ కాస్త గుర్తుంటే లెక్కలన్నీ అందుతాయి, గుర్తు లేకపోయినా కథ ఆగదు.

సూర్యుడి శక్తిని తినేసే సూక్ష్మజీవి విషయంలోనూ అంతే. దానికి సంతానం కలగాలంటే కార్బన్ డయాక్సైడ్ కావాలి, అందుకే శుక్రగ్రహానికి పోతుంది, అందుకే సూర్యుడికీ శుక్రుడికీ మధ్య గీత కనిపిస్తుంది. ఒక్కో ‘అందుకే’ వెనకా కారణం ఉంది. లోపాలు లేవా అంటే ఉన్నాయి. హీరో జ్ఞాపకాలు కథకు ఎప్పుడు అవసరమైతే అప్పుడే, అంతే మోతాదులో తిరిగొస్తాయి. భూమ్మీద ఉన్న మనుషులందరూ ఒక్కో పనికోసం పెట్టిన బొమ్మలు. మధ్యలో ఒక కొత్త పదార్థం వస్తుంది. గట్టిదనం కావాలన్నా అదే, వేడి తట్టుకోవాలన్నా అదే. అంత లెక్కలు కట్టిన రచయిత అక్కడ చేతులు దులుపుకున్నాడా అనిపిస్తుంది. ఓపిక పట్టండి, ఆ సుఖానికి చివర్లో వెల కట్టిస్తాడు. ఇంగ్లీషు నవలలు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు భాష కూడా తేలిక. ఆడియోబుక్ అలవాటుంటే రే పోర్టర్ చదివినదే వినండి. ఒక పాత్ర మాటల్ని అందులో సంగీత స్వరాలుగానే వినిపిస్తారు, ఆ తేడా కాగితం మీద రాదు.

రెండోది రాబర్ట్ జాక్సన్ బెనెట్ ‘ది టెయింటెడ్ కప్’ (2024). సైఫై, ఫాంటసీలకిచ్చే హ్యూగో అవార్డు 2025లో ఉత్తమ నవలగా దీనికే వచ్చింది. పైకి ఫాంటసీ, లోపల పక్కా డిటెక్టివ్ నవల. ఏటా వానాకాలంలో సముద్రంలోంచి కొండంత జంతువులు ఒడ్డుకొస్తాయి. వాటిని ఆపడానికి సామ్రాజ్యం గోడలు కట్టుకుని బతుకుతుంది. ఇంజనీర్ల శాఖ పెద్ద అధికారి ఒకడు ధనికుల మేడలో చచ్చిపోయి ఉంటాడు. ఒంట్లోంచి చెట్టు మొలిచి, పైకప్పు చీల్చుకుని పైకొచ్చింది. విచారణకు వచ్చిన కుర్రాడు డిన్ మామూలు గుమాస్తా కాదు. చూసినదీ విన్నదీ ఏదీ మరిచిపోకుండా ఉండేలా అతని బుర్రను మార్చారు. దీనికి రచయిత పెట్టిన రూలు చూడండి: జ్ఞాపకం ఊరికే రాదు. చోటు చోటుకీ ఒక్కో సీసా తెరిచి వాసన పీలుస్తూ చూడాలి. తర్వాత పై అధికారి ఆనా దగ్గర కూర్చుని, అదే సీసా మళ్ళీ పీల్చి, చూసినదంతా అప్పజెప్పాలి. ఆమె కళ్ళకు గంతలు కట్టుకుని వింటుంది. అంటే ఆనాకు ఏం తెలుసో మనకూ అంతే తెలుసు. డిటెక్టివ్ కథలో పాఠకుడికి ఇవ్వాల్సిన న్యాయం ఇదే, దాన్ని మంత్రంలోనే ఇమిడ్చేశాడు.

దెబ్బతినేది ఎక్కడంటే, నడిమధ్యలో. కేసు సముద్రపు గోడ దగ్గరి ఊరికి మారాక ఒకేసారి పదిమంది ఇంజనీర్ల చావులు మీద పడతాయి. పేర్లన్నీ కొత్తగా, ఒకేలా వినిపిస్తాయి. శాఖలకూ హోదాలకూ వేరే పేర్లు. నాలుగైదు అధ్యాయాలు వరసగా వాంగ్మూలాలే. అక్కడ పుస్తకం వదిలేసేవాళ్ళు ఎక్కువ. ఒక చీటీ మీద చనిపోయినవాళ్ళ పేర్లు, ఎవరు ఎవరితో ఎక్కడ కలిశారు రాసుకుంటే ఆ వంద పేజీలూ సాఫీగా పోతాయి. చివర్లో ఆనా అందర్నీ పోగేసి చెప్పే వివరణ కాస్త పొడుగే. దీని తరవాతి భాగం ‘ఎ డ్రాప్ ఆఫ్ కరప్షన్’ 2025లో వచ్చింది. కేసు వేరు, మనుషులు వాళ్ళే. మొదటిది చదవకుండా దాన్ని కొనకండి.

ఏడ్రియన్ చైకోవ్‌స్కీ ‘సర్వీస్ మోడల్’ (2024) నవ్వించే పుస్తకం. చార్లెస్ అనే మరమనిషి ఒక ఇంట్లో పనివాడు. రోజూ చేయాల్సిన పనుల పట్టీ ఉంటుంది, వరస తప్పడు. ఎప్పుడో ఇల్లు వదిలి వెళ్ళిపోయిన అమ్మగారి ప్రయాణానికి ఏర్పాట్లు చూడాలా అని కూడా పొద్దున్నే వాకబు చేస్తాడు. ఒకరోజు అయ్యగారికి గడ్డం గీస్తూ పీక కోసేస్తాడు, ఎందుకో తనకే తెలీదు. ఆ మొదటి యాభై పేజీలు అద్భుతం. తరవాత ఊరూరా తిరుగుతూ కొత్త యజమాని కోసం వెతకడం, ప్రతిచోటా అదే జోకు వేరే డ్రెస్సులో. మూడో వంతు కోసేయొచ్చు. ఆఫీసు ఫారాలతో విసిగిపోయినవాళ్ళకు మాత్రం భలే నచ్చుతుంది.

శ్రీలంక రచయిత వజ్ర చంద్రశేఖర ‘ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్’ (2023) మనవాళ్ళు తప్పకుండా చూడాల్సింది. హ్యూగో లాంటిదే అయిన నెబ్యులా అవార్డును 2023 సంవత్సరానికి తెచ్చుకుంది. హీరో పుట్టగానే తల్లి మేకుతో వాడి నీడను పీకేస్తుంది. ఇల్లు వదిలి పోయి మహాత్ముడైన తండ్రిని చంపడానికి వాణ్ణి పెంచుతుంది. తండ్రి ఎవరి పోలికో పేజీ తిప్పేలోపే మనకు తట్టుతుంది. బుద్ధుడి కొడుకు రాహులుడి కథను, బుద్ధుడు వదిలి వెళ్ళినవాళ్ళ వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందన్నదే ఎత్తుగడ. యశోధర గురించి చిన్నప్పుడే విన్న తెలుగు పాఠకుడికి అమెరికా పాఠకుడికంటే ఇది లోతుగా దిగుతుంది. మతం, పోలీసు, గుర్తింపు కార్డులు, ఊచకోతలు అన్నీ మన పక్కింటి సంగతుల్లాగే ఉంటాయి. లూరియాట్ అనే ఊరి నిండా రంగురంగుల తలుపులు. ఒకవైపు మాత్రమే ఉంటాయి, ఎవరూ తెరవలేరు. దయ్యాలున్న ఊళ్ళోనే ఫోన్లూ ఈమెయిళ్ళూ కూడా. ఇంతవరకూ బ్రహ్మాండం. రూళ్ళు మాత్రం ఈయన చెప్పడు. మన కొలతకు ఎదురు నిలిచే పుస్తకం ఇదొక్కటే. చెప్పకపోయినా, నీడ లేకపోవడం వల్ల ఏమవుతుందో మొదటినుంచీ చివరిదాకా ఒకేలా నడుపుతాడు కాబట్టి నిలబడింది. హీరో నిర్బంధ శిబిరాల్లో పడ్డాక కథ కావాలనే దారి తప్పుతుంది, అక్కడ విసుగు ఖాయం. అసలు ఈ కథ ఎవరు చెప్తున్నారో ఆలస్యంగా బయటపడుతుంది, అందాకా ఆగండి.

ఆర్.ఎఫ్. క్వాంగ్ ‘బేబెల్’ (2022) గురించి గొడవలు ఎక్కువ. చైనాలోని చెంగ్డూలో జరిగిన 2023 హ్యూగో పోటీలో కారణం చెప్పకుండా అనర్హమన్నారు, దాంతో అమ్మకాలకు ఇంకాస్త ఊపొచ్చి ఉంటుంది. 1830ల ఆక్స్‌ఫర్డ్. వెండి కడ్డీకి ఒకవైపు ఒక భాష మాట, ఇంకోవైపు మరో భాష మాట చెక్కితే, ఆ రెండిటి మధ్య జారిపోయిన అర్థం మంత్రంగా పనిచేస్తుంది. రెండు భాషలూ బాగా వచ్చినవాళ్ళు పలికితేనే. అందుకే కాంటన్ నుంచీ కలకత్తా నుంచీ పిల్లల్ని తెచ్చి చదివిస్తారు. దోపిడీ ఎలా నడుస్తుందో ఒక్క రూలుతో చూపించిన తెలివి అసామాన్యం. మొదటి సగం దానివల్లే పరుగెడుతుంది. రెండో సగంలో రచయిత్రికి పాఠకుడి మీద నమ్మకం పోయింది. సన్నివేశంలో చూపించిందే పాత్రతో చెప్పిస్తుంది, పాత్ర చెప్పిందే ఫుట్‌నోట్‌లో మళ్ళీ చెప్తుంది. చెడ్డ తెల్లవాళ్ళు మరీ కార్డుబోర్డు. ఫుట్‌నోట్లు చాలా ఉన్నాయి కాబట్టి ఇది కాగితం మీద చదవాల్సిన పుస్తకం. ఈబుక్‌లో ప్రతి చుక్క గుర్తూ నొక్కి వెళ్ళి రావడంలో వాక్యం తెగిపోతుంది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, ఇంకెక్కడో చవగ్గా దొరికే దొంగ ప్రింటుతో జాగ్రత్త. అట్ట బాగానే ఉంటుంది, అడుగున సన్నక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. కొనేముందు ఒక ఫుట్‌నోట్ చదివి చూసుకోండి.

చిన్న పుస్తకం కావాలంటే సుజానా క్లార్క్ ‘పిరనేసి’ (2020). అంతులేని గదులు, విగ్రహాలు, కింది అంతస్తులో సముద్రం. అందులో ఒకడు చేపలూ సముద్రపు నాచూ తింటూ, ఆటుపోట్లు ఎప్పుడు కలుస్తాయో లెక్కలు రాసుకుంటూ హాయిగా ఉంటాడు. వారానికి రెండుసార్లు కలిసే మరొకతను బూట్లూ విటమిన్ మాత్రలూ తెచ్చిస్తాడు. ఆ విటమిన్ మాత్రల దగ్గర మీకు గుండెలో కలుక్కుమంటే పుస్తకం పట్టుకున్నట్టే. మొదటి ముప్ఫై పేజీలు ఏ హాలు ఎక్కడుందో గుర్తు పెట్టుకునే ప్రయత్నం చేయకండి, అనవసరం. అతని డైరీల మీది అంకెల్ని మాత్రం వదలకండి. ఈ జాబితాలో రెండోసారి చదివితే ఇంకా బాగుండేది ఇదొక్కటే.

బ్రాండన్ శాండర్సన్ ‘విండ్ అండ్ ట్రూత్’ 2024 డిసెంబరులో వచ్చింది. స్టార్మ్‌లైట్ వరసలో ఐదోది, పదమూడొందల పేజీలు పైనే. పది రోజుల కథను రోజుకో భాగం చొప్పున నడిపాడు. కొత్తవాళ్ళు దీంతో మొదలుపెడితే అర్థమయ్యేది శూన్యం. వరస ఇది: ‘ది వే ఆఫ్ కింగ్స్’, ‘వర్డ్స్ ఆఫ్ రేడియన్స్’, ‘ఎడ్జ్‌డాన్సర్’ అనే చిన్నది, ‘ఓత్‌బ్రింగర్’, ‘డాన్‌షార్డ్’ అనే మరో చిన్నది, ‘రిథమ్ ఆఫ్ వార్’, ఆపైన ఇది. ఇంకో సంగతి, మొదటి నాలుగు పెద్దవాటి పేపర్‌బ్యాక్‌లు, గొలాంజ్ అనే ప్రచురణ సంస్థవి, ఒక్కోటీ రెండు ముక్కలుగా వస్తాయి. అట్ట మీద ‘పార్ట్ వన్’ అని చిన్నగా ఉంటుంది. ఒక్కటే కొని, కథ మధ్యలో తెగిందేమిటని తిట్టుకోవద్దు, రెండోది కూడా బుట్టలో వేసుకోండి. ఇక పుస్తకం సంగతి. మొదటి నవలలో రూలు గట్టిది: తుపానులో పెట్టిన రత్నాల గోళీలే వెలుగుని దాస్తాయి, అవే డబ్బు, అవే మంత్రానికి ఇంధనం. జేబులో గోళీలు ఆరిపోతే వీరుడు దబ్బున పడతాడు. పోరాటంలో ఆ గోళీలు లెక్కపెట్టుకుంటూ చదువుతాం. ఐదో పుస్తకానికి దేవుళ్ళు దిగారు, గోళీల ఊసు తగ్గింది, పాత్రలు ఒకరికొకరు ఇవాళ్టి కౌన్సెలర్ల భాషలో ధైర్యం చెప్పుకుంటారు. నాలుగూ చదివినవాళ్ళు ఎలాగూ ఆగరు. ఈయన రుచి చూడాలంటే 2006లో వచ్చిన ‘మిస్ట్‌బార్న్’ మొదటి భాగం చాలు. మింగిన ఒక్కో లోహానికీ ఒక్కో శక్తి, అయిపోతే అంతే.

రెబెకా యారోస్ ‘ఫోర్త్ వింగ్’ (2023) రెండు రాత్రుల్లో అయిపోతుంది. డ్రాగన్ల కాలేజీ, ప్రేమ, పరీక్షలు. చావు రేటు భయంకరంగా చెప్తారు కానీ హీరోయిన్ దగ్గరికొచ్చేసరికి ప్రతి రూలుకీ ఒక మినహాయింపు పుడుతుంది. శృంగారం మోతాదు ఎక్కువే, అట్ట మీద డ్రాగన్ బొమ్మ చూసి ఏడో తరగతి పిల్లకు కానుకగా ఇవ్వకండి.

చివరగా సమాంతా హార్వీ ‘ఆర్బిటల్’ (2023), 2024 బుకర్ విజేత. సైఫై అరలో పెడుతున్నారు కానీ అందులో కల్పిత శాస్త్రమేమీ లేదు. అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు, ఒక్క రోజు, భూమి చుట్టూ పదహారు చుట్లు, కింద ఫిలిప్పీన్స్ వైపు ఒక తుపాను. కథ జరగదు. నూట నలభై పేజీల లోపే అయినా ఒకే ఊపులో చదివితే వర్ణనలు ఒకదాని మీద ఒకటి పడి మొద్దుబారుస్తాయి. రోజుకి రెండు చుట్లు చొప్పున చదవండి.