పడమర ఒక్కటే మిగిలింది: చవక ల్యాప్‌టాప్‌తో మూడున్నరేళ్లు

ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది, తెర ఎన్ని అంగుళాలు అని అడిగితే నా దగ్గర చెప్పేదేం లేదు. అవన్నీ అట్టపెట్టె మీదే రాసుంటాయి. 2022 జూన్‌లో కర్నూల్లోనే ఇరవై ఏడు వేలు పెట్టి కొన్నా. ఆదివారాలు పోను రోజూ వాడినా. నేను చెప్పాలనుకున్నది దాని మీద ఉన్న ఒకే ఒక్క బటన్ సంగతి. డీ బటన్.

నేను దస్తావేజులు రాసేవాణ్ని. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా రేకుల కొట్టు. క్రయం, దానం, భాగపరిష్కారం, తనఖా, కౌలు, ఏదైనా సరే తెలుగులోనే కొడతా. కుర్రప్పుడు తెలుగు టైపు లోయరూ హయ్యరూ పాసయినోణ్ని. తర్వాత అను అనే పాత రకం తెలుగు ఫాంట్లలో కొన్నేళ్లు కొట్టి, చివరికి ఇన్‌స్క్రిప్ట్‌కు వచ్చి ఆగినా. 1986లో ప్రభుత్వం ఖరారు చేసిన కీబోర్డు అమరిక అది. ఎడమచేతికి ఎక్కువగా గుణింతాలు, కుడిచేతికి ఎక్కువగా హల్లులు. ఒకసారి వేళ్లకు అలవాటైతే రెండు చేతులూ వంతులేసుకున్నట్టు నడుస్తాయి. నాకు దానంత సుఖం ఇంకెందులోనూ దొరకలేదు.

ఆ అమరికలో పొల్లు, అంటే హల్లు కింద వత్తు పడేట్టు చేసే గుర్తు, ఉండేది డీ మీద. దాదాపు ఏ వత్తు కావాలన్నా అదే దారి: హల్లు, డీ, మళ్లీ హల్లు. క్క అంటే ఒకసారి, స్త్ర అంటే రెండుసార్లు. పాత టైపు మిషన్‌లో తరచూ వచ్చే వత్తులకు దేని బటన్ దానికే ఉండేది, బరువు పంచుకునేవి. ఇప్పుడు తెలుగులోని వత్తుల బరువు దాదాపు అంతా ఒక్క బటన్ మీదే. ఒకరోజు పని లేక లెక్కపెట్టినా. నేను రాసే క్రయ దస్తావేజులో ఒక్క పేజీకే డీ నూట ఎనభై సార్లు దాటింది. దానికి తోడు మా జిల్లా పేర్లు. అమ్మ, అయ్య, అప్ప, అన్న, రెడ్డి. వీటిలో ఏదో ఒకటి తోకగా లేని పేరు రోజుకు ఒకటి తగిలితే గొప్ప. ముందు చిన్న, పెద్ద అని ఒకటి చేరితే ఇంకో దెబ్బ.

కొన్న కొత్తలో ఈ ల్యాప్‌టాప్‌ను నేను అందరి దగ్గరా మెచ్చుకున్నా. పక్క కొట్టు స్టాంపు వెండరు నా మాట నమ్మి అదే కొన్నాడు. పక్కన అంకెల బటన్లు విడిగా ఉన్నాయి, సర్వే నంబర్లు కొట్టుకోవడానికి హాయి. కరెంటు పోతే ఐదు గంటలు ఆడేది. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోయినప్పుడు వీధి మొత్తానికి నా కొట్లోనే పని జరిగేది. ఆ అంకెల బటన్ల వల్ల అక్షరాల బటన్లన్నీ ఎడమపక్కకు జరిగి ఉంటాయని, తెరకు ఎదురుగా కూర్చుంటే చేతులు ఒక వారకు పోతాయని ఆరు నెలల తర్వాత భుజం చెప్పింది. ఐదు గంటలు ఇప్పుడు గంటన్నర. తెర ఎదురుగా కూర్చున్నోనికే కనపడుతుంది. పక్కన బెంచీ మీద దస్తావేజు రాయించుకునే పార్టీవాళ్లు తొంగిచూస్తే వాళ్లకు నల్లగా మసక. వాళ్ల పేరు సరిగా పడిందో లేదో చూపించాలంటే ల్యాప్‌టాప్ ఎత్తి తిప్పాల. ఇవన్నీ నేను ఓర్చుకున్నవి.

వారంటీ ఏడాది. పద్నాలుగో నెలలో డీ మెత్తబడింది. వేలు పెడితే దిగుతుంది, పైకి లేచేటప్పుడు బద్ధకం. పది నొక్కుళ్లకు ఒకటి పడదు. నేను గట్టిగా నొక్కడం మొదలుపెట్టినా. అది ఇంకా మెత్తబడింది.

ఆ గురువారం సంగతి చెప్పాల. పత్తికొండ పక్క నుంచి ఒక పెద్దామె వచ్చింది. కూతురికి రెండెకరాల చిల్లర దానం రాసిస్తాంది. ఒకటిన్నరకు రాహుకాలం పడుతుంది, ఆలోపల సంతకాలు అయిపోవాలని ముందే చెప్పింది. చిత్తు ముందురోజే రాసుకున్నా కాబట్టి గంట పని. నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ అలవాటు, కళ్లు చిత్తు కాగితం మీదే ఉంటాయి, తెర చూడను. పదకొండున్నరకు కూర్చుని గడగడా కొట్టి, సరిచూసుకోవడానికి మామూలు కాగితం మీద ఒక ప్రతి తీసి ఆమె చేతికిచ్చి, టీ చెప్పడానికి బయటికి పోయినా.

తిరిగొచ్చేసరికి ఆమె కళ్లద్దాలు పైకి కిందకి జరుపుకుంటా కాగితాన్ని దూరంగా పట్టుకొని చూస్తాంది.

"నాయనా, ఇందులో పడమర ఒక్కటే తెలుగులో ఉండాది. మిగతాదంతా యా బాస?"

తీసుకొని చూసినా. చెక్కుబంది, అంటే భూమికి నాలుగు పక్కల హద్దులు, ఉండాల్సిన చోట చెకకుబంది. దాని కింద తూరపు, దకషిణం, పడమర, ఉతతరం. నాలుగు దిక్కుల్లో వత్తు లేనిది పడమరే కాబట్టి అదొక్కటే నిలబడింది. నేను పశ్చిమం అని రాసే రకం అయ్యుంటే అదీ పోయుండేది. ఆమె పేరు చివర అమ్మ కాస్తా అమమ అయింది. కూతురు పేరూ అంతే. జిల్లా కరనూలు. ఊరు పతతికొండ. రెండు పేజీల్లో ఒక్క వత్తు లేదు.

టైము పన్నెండూ పది. బటన్ గోరుతో ఎత్తి ఊదినా, పక్కకు నెట్టి నొక్కినా. లేదు. పక్క కొట్టులో అడుగుదామంటే ఆయనదీ అదే మోడలు, నా పుణ్యమా అని, ఆ రోజు ఆయన కొట్టు మూసి ఆదోని పోయినాడు. పోనీ పాత దస్తావేజులోంచి ఒక పొల్లు కాపీ చేసుకొని ప్రతిచోటా అతికిద్దామనుకున్నా. తీరా మౌస్ పెట్టి పట్టుకోబోతే పొల్లు విడిగా చేతికి రాదు. తెలుగులో అక్షరం అంటే హల్లు, వత్తు, గుణింతం కలిసి ఒకే ముద్ద. పట్టుకుంటే ముద్ద మొత్తం వస్తుంది. ఇన్నేళ్లు తెలుగు కొట్టినా ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

ఇంక చేసేది లేక పాత ఫైళ్లు తెరిచినా. దానాల్లోంచి దానం మాటలు, ఒక క్రయంలోంచి నాలుగు దిక్కులు, ఎవరిదో తనఖాలోంచి పత్తికొండ. మ్మ కోసం ఎక్కడికీ పోనక్కరలేదు, ఏ ఫైలు తెరిచినా రాలతాయి. ఒక్కో మాట ఏరి అతికించుకుంటా పోయినా. కూతురి అత్తగారి ఊరు కోడుమూరు. ఆదోని, ఆలూరు, గూడూరు, కోడుమూరు, ఈ ఊళ్లవాళ్లకు డీ లేకపోయినా రిజిస్ట్రేషన్ అవుతుంది, ఆ మటుకు బతికినా. ఓర్వకల్లో బేతంచెర్లో అయ్యుంటే ఇంకో పది నిమిషాలు పోయేవి. ఒకటీ పదికి స్టాంపు కాగితం ప్రింటర్లోకి పోయింది. ఒకటీ ఇరవైకి సంతకం. ఆమె సంతకం పెడతా పెడతా తన పేరు మీద వేలుపెట్టి మ వత్తు ఉందా లేదా చూసుకొని మరీ పెట్టింది. అందులో తప్పేముంది?

విండోస్ బటన్, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే తెర మీదే కీబోర్డు వస్తుందని, అందులో పొల్లును మౌస్‌తో నొక్కొచ్చని సాయంత్రం మా మేనల్లుడు చెప్పినాడు. పొద్దున చెప్పుంటే బాగుండు.

వాడే ఇంకో ఉపాయం చేసినాడు. "మామా, తెలుగులో పెద్దక్షరాలే లేవు కదా, నీకు క్యాప్స్‌లాక్ ఎందుకు?" అని పవర్‌టాయ్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, క్యాప్స్‌లాక్ నొక్కితే డీ పడేట్టు మార్చినాడు. మైక్రోసాఫ్ట్ వాళ్లదే, ఉచితం. ఆ రాత్రి నాకు పండగ. రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. మూడో వారానికి ఎడమ చిటికెనవేలు వాచింది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఓత్వం, ఎత్వం ముందే ఆ వేలి పని. నడిమివేలు మోసే పొల్లు బరువు కూడా తెచ్చి దాని నెత్తిన పెడితే ఎట్లా? డీ పోవడం ఇంగ్లీషుకూ శాపమే, చెప్పడం మరిచినా. డీడ్ అనే మాటకు ముందూ డీనే, వెనకా డీనే. తీసేస్తే మిగిలేది రెండు ఈలు.

సర్వీస్ సెంటర్‌కు పోతే కీబోర్డు ఒక్కటే మార్చడం కుదరదన్నారు. పై ప్యానెల్‌కు ప్లాస్టిక్ రివెట్లు కరిగించి అతికించి ఉంటుందంట, ప్యానెల్ మొత్తం మార్చాల, ఐదు వేల రెండు వందలు. ఒక్క బటన్‌కు! నాకు ఈ ల్యాప్‌టాప్ మీద కోపం బటన్ పోయినందుకు కాదు. అంత నొక్కితే ఇనుమైనా అరుగుతుంది. పోయేదని తెలిసినదాన్ని విడిగా తీయడానికి లేకుండా అతికించినందుకు. కొనేటప్పుడు ఆ మాట ఎవరూ చెప్పరు, మనమూ అడగం. ఇప్పుడు ఎవరు ల్యాప్‌టాప్ కొనడానికి నన్ను తోడు పిలిచినా కొట్లో నా మొదటి ప్రశ్న అదే: కీబోర్డు పోతే ఒక్కటే మారుస్తారా, ఎంతవుతుంది? రెండోది, నోట్‌ప్యాడ్ తెరిచి దక్షిణం అని పదిసార్లు కొడతా. కొట్టు పిల్లోళ్లు నవ్వుతారు. నవ్వనీ.

చివరికి రాజ్‌విహార్ పక్క సందులో రిపేరు పిల్లోడు చూసి, ప్యానెల్ అక్కర్లేదన్నాడు. బటన్ కింద రబ్బరు బుడిపె ఉంటుంది, అది చిరిగింది, అంతే. కొత్త బుడిపె ఒక్కటే దొరకదు కాబట్టి, "నీకు ఎక్కువ పనిలేని బటన్ ఏదన్నా చెప్పన్నా, దానిది తీసి ఇక్కడ పెడతా" అన్నాడు. ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. తెలుగులో పనిలేని అక్షరం ఏది? కొంచెంసేపు ఆలోచించి క్యూ అన్నా. అక్కడ ఉండేది ఔత్వం. రోజు మొత్తం కొట్టినా నాలుగైదుసార్లు మించి రాదు. వాడు క్యూ బుడిపె తీసి డీ కింద పెట్టి, చిరిగినదాన్ని క్యూ కిందకు మార్చినాడు. నూట యాభై తీసుకున్నాడు. ఈ మూడున్నరేళ్లలో ఈ ల్యాప్‌టాప్ మీద నేను పెట్టిన ఖర్చుల్లో పనికొచ్చింది ఇదొక్కటే.

ఈలోపల బయటి కీబోర్డులు రెండు కొన్నా. మొదటిది నాలుగు వందల యాభైది, లోపల ఇదే రబ్బరు సరుకు. పనికి బాగానే ఉంది, మీద అక్షరాలు మాత్రం ఏడాదికే చెరిగిపోయినాయి. నాకు చూడకుండా కొట్టే అలవాటు కాబట్టి సరిపోయింది, కొట్టులో ఇంకెవరూ దాని మీద వేలు పెట్టలేరు, అదీ ఒక లాభమే. రెండోది సెకండ్‌హ్యాండ్‌లో పన్నెండు వందలకు దొరికిన మెకానికల్ కీబోర్డు, పాత బ్యాంకు కౌంటర్లలో టకటకమంటా ఉండేదే. ల్యాప్‌టాప్ బటన్ మిల్లీమీటరున్నర కూడా దిగదేమో, ఇది నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది. సగంలోనే టక్‌మని వేలికి సమాధానం చెబుతుంది. మొదటిరోజు దాని మీద కొడతాంటే టైపు మిషన్ మళ్లీ తిరిగొచ్చినట్టయింది. బటన్‌కు ఒక స్విచ్చు. పోతే ఆ ఒక్కటే సోల్డరింగ్ పెట్టి మార్చుకోవచ్చు. రెండేళ్లుగా డీ మీద దెబ్బలు కొడతానే ఉన్నా, ఇంకా గట్టిగానే ఉంది.

దీన్ని కూడా తెగ మెచ్చుకుంటే మళ్లీ ఎవరన్నా నా మాట నమ్మి కొంటారు. రాత్రి ఇంట్లో దాని మీద పని చేస్తే ఇంటామె పడుకోలేదు, రేకుల మీద వడగండ్లు పడినట్టుందంటుంది. బరువు కూడా బాగానే ఉంది. పెద్దోళ్లు లేవలేక ఇంటికే రమ్మంటే ల్యాప్‌టాప్‌తో పాటు దీన్నీ మోసుకుపోవాల. అట్లాంటప్పుడు రబ్బరుదాన్నే సంచిలో వేసుకుంటా.

ఇంతకూ ఈ ల్యాప్‌టాప్ కొనొచ్చా అంటే, నన్ను అడిగి లాభం లేదు. మీరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టే రకమైతే మీకు పొల్లుతో పనే లేదు, మీ దగ్గర ముందు అరిగేది వేరే బటన్, బహుశా ఇంగ్లీషు ఏ (A). ఫోన్లో మాట చెప్పి టైపు చేయించుకునేవాళ్లకు అసలు ఏ గొడవా లేదు. పిల్లల చదువుకు, సినిమాలకు అయితే ఇది నాలుగేళ్లు ఆడుతుందేమో. పక్క కొట్టు స్టాంపు వెండరుది ఈరోజుకూ చెక్కుచెదరలేదు, ఆయన కొట్టేది అంకెలే కాబట్టి. నాలాగా రోజుకు పది దస్తావేజులు తెలుగులో కొట్టేవాళ్లు మాత్రం, ఇదే కాదు, ఏ చవక ల్యాప్‌టాప్ కొన్నా దాంతోపాటే బయటి కీబోర్డు ఒకటి కొని, ల్యాప్‌టాప్ బటన్ల మీద వేలు పెట్టకుండా ఉంటే మంచిదనుకుంటా.

డీ ఇప్పుడు బాగానే ఉంది. క్యూ పనిచేయదు. ఔత్వంతో పనెక్కడొస్తుందిలే అనుకున్నా గానీ, వేసవి దాటి కొత్త పంట పెట్టే ముందు వరసగా వచ్చేవి కౌలు పత్రాలే. ఆ నెలంతా వడగండ్ల కీబోర్డే గతి.