8×42 బైనాక్యులర్స్: నల్లపిట్ట మీద పెట్టి చూసి కొనుక్కోండి
బైనాక్యులర్ కొనేటప్పుడు షాపులో నిలబడి ఎదురుగా ఉన్న బోర్డు చదివేసి బాగుందని తెచ్చేసుకోకండి, బయటికొచ్చి కరెంటు తీగ మీదున్న ఏట్రింతని చూడండి. మన కోనసీమలో ఏ కాలవ గట్టెక్కినా కనపడుద్ది, కొంతమంది పసుల పోలిగాడంటారు, మేసే గేదె వీపు మీద కూర్చుని గడ్డిలోంచి లేచిన మిడతల్ని పట్టేస్తది కదా, అదే. ఎదురెండలో మామూలు కంటికి ఒట్టి నల్ల మచ్చ, నాసిరకం అద్దాల్లో అదే మచ్చ కాస్త పెద్దగా, చుట్టూ ఊదా రంగు అంచుతో కనపడుద్ది, అంతే.

నేను తీసుకున్న దాంట్లో మాత్రం నలుపులో నీలం మెరుపు, ఎర్రగోధుమ కన్ను, ముక్కు మొదట్లో నోటి మూలన ఆవగింజంత తెల్ల చుక్క కూడా తెలిసిపోతున్నాయండి. ఆ చుక్క, చివర రెండుగా చీలిన పొడుగు తోక కనిపిస్తే ఇంక డౌటే అక్కర్లేదు. మగ కోయిలా నలుపే గానీ దాని కన్ను నెత్తురెరుపు, ముక్కు లేత ఆకుపచ్చ, తోక చీలదు. పొట్ట మీద తెల్లటి చారలుంటే అది ఇంకా పెద్దదవ్వని ఏట్రింత.

నాకు అన్నిటికన్నా నచ్చింది చూపు వెడల్పు. ఈ పిట్ట కుదురుగా ఉండదు, తీగ మీంచి దూకి గాల్లోనే పురుగుని పట్టి మళ్ళీ అక్కడికే వస్తది, గూడు దగ్గరికి కాకి గానీ గద్ద గానీ వచ్చిందంటే ఎంత పెద్దదైనా సరే వెంటపడి తరిమేస్తది, అదంతా అద్దంలోంచి జారిపోకుండా చూడొచ్చు. చేలల్లో టీ ఆకారంలో కర్రలు పాతేది ఇవొచ్చి వాలి పురుగుల్ని తింటాయనే, అక్కడ చూడండి ఎంత చురుకో! 10 రెట్ల వాటిల్లో చేతి వణుకు ఎక్కువ తెలుస్తది, వెడల్పు తగ్గుద్ది, మనకి 8 చాలు. 42 అంటే ముందు అద్దం అడ్డకొలత మిల్లీమీటర్లలో, అంత పెద్దద్దంలోంచి వెలుతురు బాగా వస్తది, అందుకే కోరింగ మడచెట్ల నీడలో కూడా బొమ్మ మసకబారట్లేదు.

మెడపట్టీ మాత్రం బాలేదు, సన్నగా ఉండి కోసుకుపోతుంది, వెడల్పుది వేరే కొనుక్కోవాల్సిందే. ఇంకో మాట, నీళ్ళు దిగకుండా సీల్ చేసి లోపల నైట్రోజన్ నింపిందే తీసుకోండి. మన గాల్లో చెమ్మకి అద్దాలకి ఫంగస్ పట్టేస్తది, వాడాక తుడిచి సిలికా జెల్ పొట్లాలేసిన మూత డబ్బాలో పెట్టండి.